ఆకుపచ్చ కవరు కింద

మంగళవారం రాత్రి, డిండోలి

చూపు మీద పరిశోధన చేసే మేడమ్ ఈరోజు బడిలో మా శ్రావ్య పుస్తకం మీద నీలిరంగు ప్లాస్టిక్ షీటు పరిచింది. ఎప్పుడూ తడబడే పిల్ల గడగడా చదివేసింది.

"అమ్మా, అక్షరాలు పాకుతలేవు!"

"పాకకుండ ఎట్లుంటయే?" అన్నాను నవ్వుతూ.

అదే మాట హిందీలో చెప్తే మేడమ్ నవ్వలేదు. నాకు కూడా కదులుతాయా అని మెల్లగా అడిగింది. అందరికీ అంతే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. "అక్షరాలు కదులుడేంది? పిచ్చి లేసిందా?" అన్నాడు.

ఇందాక, కూలికి మడతలు పెట్టడానికి తెచ్చుకున్న చీరల్లోంచి అవతలివి కనబడే ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ కవరు తీసి, ఇంతవరకు రాసినదాని మీద పరిచాను. అక్షరాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, నేను కవరు ఎప్పుడు తీస్తానా అని చూస్తున్నట్టు.

కవరు బయట రాస్తున్న ఈ మాటలు మాత్రం నా పెన్ను వెంటే పాకుతున్నాయి.