మూడో వరుస టమాటాలు

ఫిబ్రవరి 3, మంగళవారం

చెల్లి పోరు పడలేక ఇవాళ కమ్యూనిటీ గ్రీన్‌హౌస్‌కి వెళ్ళాను. రిటైరయ్యాక నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటివాళ్ళ రాకపోకలు కనిపెడుతున్నానట. అది ఆరోగ్యం కాదట. ఇరవై ఆరేళ్ళు షాపింగ్ మాల్ గేటు దగ్గర బ్యాగులు చెక్ చేసిన మనిషిని. కళ్ళని ఊరికే ఉండమంటే ఉంటాయా.

పెద్ద అద్దాల షెడ్డు. బయట చలికి చెవులు తిమ్మిరెక్కుతుంటే లోపల చెమట. ఆరు వరుసల టమాటా మొక్కలు, వరుసకి నలభై కుండీలు. కాసిందంతా ఆస్పత్రి వెనకున్న ఉచిత భోజనశాలకి వెళ్తుందట. పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళు అక్కడ తింటారు. ఇన్‌ఛార్జి అమ్మాయికి ముప్పై దాటి ఉండవు, మాట మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ది. నాకు మూడో వరుస అప్పగించింది. కాండానికీ కొమ్మకీ మధ్య పుట్టే పిల్ల చిగుళ్ళని వేళ్ళతో గిల్లెయ్యాలి. లేకపోతే మొక్క బలమంతా ఆకులకే పోతుందట.

బొటనవేలు, చూపుడువేలు. ఈ పని నాకు బాగా వచ్చు.

ఫిబ్రవరి 6

నా షిఫ్టులో ఇంకో మనిషి ఉన్నాడు. డెబ్భై ఉంటాయి. అందరూ టైలర్ గారు అంటారు. చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కక షాపు మూసేశాడట. పెద్దగా మాట్లాడడు. సంచిలోంచి మూతున్న మగ్గు ఒకటి తీస్తాడు. అందులో ఏదో తెల్లగా ఉంటుంది. మొక్కని ముట్టుకునే ముందు రెండు చేతులూ అందులో ముంచుతాడు. నేను చూస్తున్నానని తెలియగానే మగ్గుని కాలితో బెంచీ కిందకి తోశాడు.

ఆ తోసిన తీరు నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 10

టైలర్ ఇవాళ నా దగ్గరికొచ్చాడు. మొక్కల దగ్గరికి వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే మంచిదమ్మా అన్నాడు. నా మొహం చూడకుండా, పక్కనున్న ట్యాపుకి చెప్తున్నట్టు చెప్పాడు. ట్యాపు మీద కొత్త సబ్బు కూడా పెట్టి ఉంది. తనే తెచ్చాడట.

నా చేతులకేమైంది. తెల్లారే తలంటుకుని వచ్చాను. ఒళ్ళు మండిపోయి టూల్స్ గది వెనక్కి వెళ్ళి ఒక పట్టు ముక్కుపొడుం పీల్చాకగానీ కుదుటపడలేదు. ఆ డబ్బా సంగతి చెల్లికి తెలీదు. రెండేళ్ళ కిందటే మానేశానని దాని తల మీద చెయ్యిపెట్టి చెప్పాను. వారంపాటు నిజంగానే మానేశాను.

ఫిబ్రవరి 13

ఈయన నా వెనకాలే వస్తున్నాడు. నేను ఒక మొక్క వదిలి ఇంకోదానికి జరగగానే, నాలుగో వరుసలోంచి వంగి నేను వదిలిన మొక్కని చూస్తాడు. ఆకు తిప్పి మరీ చూస్తాడు. కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి, ఆకుని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా.

ఇన్నేళ్ళలో నేను జనాన్ని కనిపెట్టానేగానీ నన్నెవరూ కనిపెట్టలేదు. వీపు మీద చీమ పాకినట్టుంది.

ఫిబ్రవరి 17

మూడో వరుస, తొమ్మిదో కుండీ. ఆకుల మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు, నీళ్ళు పడిన రంగు బట్టలాగ. కొస ఆకులు సన్నబడి మెలిక తిరిగాయి. పదో కుండీ కూడా అంతే. ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. టైలర్ నేను ఫొటో తీయడం చూశాడు.

ఫిబ్రవరి 20

నాలుగు కుండీలు ఖాళీ. తొమ్మిది, పది, పద్నాలుగు, పదిహేను. మంగళవారం నేను ఇంటికి బయల్దేరేటప్పుడు మొక్కలున్నాయి. ఇన్‌ఛార్జిని అడిగితే తనకి తెలీదంది. టైలర్ సంచి ఉబ్బి ఉంది. జిప్ దగ్గర టమాటా ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది.

ఇంటికొచ్చి చెల్లికి చెప్పాను. జబ్బు మొక్కలు దొంగిలించి ఏం చేసుకుంటాడే అక్కా అని నవ్వింది. దానికి లోకం తెలీదు. మా మాల్లో ఒకావిడ ఒంటికాలి చెప్పు ఎత్తుకెళ్ళింది. రెండోది షెల్ఫులోనే ఉంది.

ఫిబ్రవరి 24

ఇంకో ఆరు మాయం.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 3

పట్టుకున్నాను.

నేను వెళ్ళిపోయినట్టు నటించి, ఎరువు బస్తాల వెనక నిలబడ్డాను. పది నిమిషాలు పట్టలేదు. మూడో వరుసలో ఒక మొక్కని వేళ్ళతో సహా పెకిలించి, కవర్లో కట్టి, సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత మగ్గు తీసి చేతులు ముంచుకున్నాడు. నేను నేరుగా ఇన్‌ఛార్జిని పిలుచుకొచ్చి ఫొటోలు చూపించాను. ఆ తెల్ల మందుతో మొక్కల్ని చంపి, బయటపడకుండా శవాలు దాస్తున్నాడని చెప్పాను. శవాలు అనే అన్నాను.

మగ్గులో ఏముందని ఆ అమ్మాయి అడిగింది. పాలు అన్నాడు. పాలలో చేతులెందుకు ముంచుతారంటే, అలవాటు అన్నాడు. మొక్కలెందుకు పీకారంటే, జబ్బు చేశాయన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని ఆమె గొంతు పెంచితే, మగ్గుకి మూత బిగించాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

కొన్నాళ్ళు రావద్దంది ఇన్‌ఛార్జి. ఆయన ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు వేసి, అంచులు సరిచూసి, బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

దారిలో రెండు పట్లు పీల్చాను. గెలిచినందుకు.

మార్చి 3

ప్రాణం హాయిగా ఉంది. టైలర్ చూసుకునే నాలుగో వరుస కూడా నాకే ఇచ్చారు. మొత్తం గిల్లేశాను.

మార్చి 10

మూడో వరుసలో ఇంకో పదిహేడు మొక్కలకి మచ్చలు. ఆయన వెళ్ళి పదకొండు రోజులైంది. తలుపు తాళం కూడా మార్చారు. ఎలా వస్తున్నాడు.

మార్చి 13

అద్దాలన్నీ ఒక్కొక్కటే తట్టి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు. అయితే ఎవరో లోపలినుంచి సాయం చేస్తూ ఉండాలి. కొత్త తాళంచెవి ఇన్‌ఛార్జి దగ్గరే ఉంటుంది. ఆ మాట చెల్లితో అంటే, అక్కా, రేపు నన్ను కూడా అనుమానిస్తావా అంది. జవాబు చెప్పడానికి కాస్త ఆలస్యమైంది. అది కంచం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 17

నాలుగో వరుస కూడా పోయింది. రెండు వరుసల్లో కలిపి అరవై రెండు మొక్కలు.

కాలేజీ నుంచి మొక్కల డాక్టరు వచ్చాడు. ఆకు ఒకటి వెలుతురుకి పట్టుకుని నిమిషం కూడా చూడలేదు. వైరస్ అన్నాడు. పొగాకులో ఉంటుందట. సిగరెట్టు, బీడీ, ముక్కుపొడుం ముట్టుకున్న వేళ్ళకి అంటుకుని వస్తుందట. చిగురు గిల్లిన చోట పచ్చి గాయం ఉంటుంది కదా, అందులోంచి లోపలికి పోతుందట. రెండు వారాలకి మచ్చలు కనపడతాయట. మందు లేదు, పెకిలించి దూరంగా పారెయ్యడమే. సబ్బుతో కడుక్కోవడం, చేతులు పాలలో ముంచుకోవడం కొంత కాపాడతాయన్నాడు.

పాలు అనగానే ఇన్‌ఛార్జి తలెత్తింది.

మీలో ఎవరికైనా పొగాకు అలవాటు ఉందా అని అందరినీ నిలబెట్టి అడిగింది. ఏడుగురం ఉన్నాం. అందరూ పక్కవాళ్ళ మొహం చూశారు. డబ్బా నా ఏప్రన్ జేబులోనే ఉంది. మాల్ గేటు దగ్గర బ్యాగు తెరవాలని తెలియగానే కొందరు ఒక మొహం పెడతారు. దూరం నుంచే ఆ మొహం గుర్తుపట్టి పక్కకి పిలిచేదాన్ని. ఇవాళ ఆ మొహం నాకే వచ్చింది. ఎవరూ గుర్తుపట్టలేదు.

మార్చి 18

ఉదయం డబ్బా డ్రైనేజీలో పడేశాను. సాయంత్రం ఇంకోటి కొన్నాను.

మార్చి 20

చెప్పేశాను.

ముందు చెల్లికి. అదే కష్టమైంది. అది దుప్పటి మడత పెడుతోంది. విన్నాక కూడా మడత పెడుతూనే ఉంది. నా తల మీద చెయ్యిపెట్టే కదక్కా చెప్పావు అంది. అంతే. అరిచినా బాగుండేది.

తర్వాత గ్రీన్‌హౌస్‌లో అందరి ముందు. డబ్బా తీసి బెంచీ మీద పెట్టాను. ఒకాయన రెండడుగులు వెనక్కి వేశాడు, అది పేలుతుందేమో అన్నట్టు. ఇన్‌ఛార్జి కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను తిడుతుందనుకున్నాను. పెద్దాయన్ని ఎంత మాటన్నాను అని గొణుక్కుంది. కాగితం మీద టైలర్ గారి అడ్రసు రాసిచ్చింది. ముందు మీరు వెళ్ళండి, తర్వాత నేను వెళ్తాను అంది.

మార్చి 22, ఆదివారం

రెండో అంతస్తు. కోడలు తలుపు తీసింది. ఆయన బాల్కనీలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. మధ్యలో ఆపలేదు. అయిపోయాక, ఎన్ని మిగిలాయని అడిగాడు. నూట అరవై దాకా అన్నాను. కోడలు నాకు కుర్చీ వేసింది.

నా వేళ్ళ మీద పొడుం మరక మొదటి వారమే చూశాడట. మరి నా పేరెందుకు చెప్పలేదండీ అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. నాలుగేళ్ళ కిందట కూడా ఆ గ్రీన్‌హౌస్‌లో ఇవే మచ్చలు వచ్చాయట. అప్పుడు ఆయన రోజుకో కట్ట బీడీలు కాల్చేవాడు. అప్పటి ఇన్‌ఛార్జి ఇంకెవరో. బస్సు కండక్టరుగా చేసి మానేసిన ఒకావిడ వాలంటీరుగా వచ్చేది. ఆవిడ నీళ్ళు ఎక్కువ పోసి మొక్కల్ని కుళ్ళబెట్టిందని తేల్చారట. నేను కాదు నేను కాదు అంటూనే ఆవిడ వెళ్ళిపోయిందట. నెల తిరక్కుండా ఈయన ఏదో పుస్తకంలో అసలు సంగతి చదివాడు. బీడీలు మానేశాడు. పాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని మగ్గు దాచుకునేవాడు. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీ మీద వేలెత్తడానికి నాకు మొహమెక్కడిదమ్మా అన్నాడు.

క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, కోపంతో లేచాను. మీరు నోరు విప్పి ఉంటే అన్ని మొక్కలు బతికేవి కదా అన్నాను. అవునన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలికి కూడా ఈ సంగతి ఇప్పుడే తెలిసినట్టుంది.

ఆ కండక్టరు ఆవిడ ఎక్కడుంటుందో తెలుసా అన్నాను.

తెలుసన్నాడు. ఆ వీధిలోంచే రోజూ పాల దుకాణానికి వెళ్తాడట.

మార్చి 24

టైలర్ గారూ నేనూ కలిసి జబ్బు మొక్కలన్నీ పెకిలించి సంచుల్లో కట్టాం. కుండీలు సబ్బునీళ్ళతో కడిగాం. గ్లౌజులు వేసుకున్నాను. డబ్బా లేకుండా నాలుగో రోజు, తల బద్దలవుతోంది. ఇన్‌ఛార్జి ఆయనకి సారీ చెప్పింది. ఆయన పరవాలేదనలేదు. శుక్రవారం పొద్దున షిఫ్టుకి రాలేను, ఒక చోటికి వెళ్ళాలి అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. నేను కూడా రానని చెప్పాను.

మార్చి 27, ఉదయం 10.40

కండక్టరు ఆవిడ ఇంటి బెల్ నేనే కొట్టాను. లోపల చెప్పుల చప్పుడు వినపడగానే ఆయన నా వెనక్కి జరిగాడు.

నేను పక్కకి తప్పుకున్నాను.