గడ్డి మీద నడిచిన బాతుల విడుదల కోరుతూ

ఉద్యానవనాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పురుగులు తిన్న నేరానికి తమ కార్యాలయంలో నిర్బంధింపబడిన రెండు బాతులను విడిపించుట గురించి.

పార్కు గేటు ఎదుట మిషను పెట్టుకొని బతుకుతున్న దర్జీ విన్నవించుకొనునది:

1. పార్కులోని పచ్చిక మచ్చలు మచ్చలుగా ఎండిపోవుచున్నది. గొంగళిపురుగులు మొదళ్లు కొరికివేయుచున్నవి. తామేమో మందులు చల్లరాదు, సహజ పద్ధతులే అవలంబించవలెనని గేటుకు కాగితం అంటించితిరి. మంచిదే. ఆ పద్ధతి ఏదో మాత్రం రాయలేదు.

2. పార్కు కాపలాదారు నాకు స్వయానా బావమరిది. వేపనూనె చల్లాడు, గడ్డిని మరీ గుండు కొట్టడం మానాడు. పురుగులు లెక్కచేయలేదు. చివరకు నా దగ్గరికొచ్చి, "బావా, అక్కకు తెలీకుండా బాతుల్ని ఒక్క పూట ఇవ్వవూ?" అన్నాడు. ఇచ్చితిని. వాడు సబ్బునీళ్లు పోసి పురుగులను పైకి రప్పించగా, బాతులు విధినిర్వహణలో ఎట్టి అలసత్వమూ చూపలేదు. తమ శాఖలో ఈ మాట ఇంకెవరి గురించి అనగలమో తమరికే ఎరుక.

3. ఇంతలో తమరు తనిఖీకి వచ్చి, "ఎవరివయ్యా ఇవి?" అన్నారు. మావాడు బిక్కచచ్చి, "తెలీదు సార్" అన్నాడు. దానితో అవి 'గడ్డిపై నడవరాదు' అను బోర్డును ఉల్లంఘించిన, యజమాని లేని జీవులుగా నమోదై, రేపు ఉదయం వేలానికి సిద్ధముగా ఉన్నవి. క్యాంటీను వంటాయన అప్పుడే చేత్తో ఎత్తి బరువు చూసుకొని వెళ్లెనట. బోర్డు చదవనందుకు ప్రాణం తీస్తే ఈ వీధిలో సగంమంది మిగలరు.

4. మా ఆవిడ వాటిని చంటిపిల్లల్లా సాకింది. "బాతులు గుమ్మం తొక్కేదాకా మీరూ తొక్కొద్దు" అంది. తమ్ముణ్ని మాత్రం కూర్చోబెట్టి అన్నం పెడుతోంది. ఈ అన్యాయం తమ శాఖ పరిధిలోనికి రాదని తెలిసియే రాయుచున్నాను. ప్రస్తుతం మిషను కింద పడుకొనుచున్నాను.

5. యజమానిని నేనే. శిక్ష వేయదలచిన నాకు వేయుడు. బావమరిదికి వేసినా అభ్యంతరం లేదు.

కావున తమరు వంటాయన కంటే ముందే ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు ఎదుటి దర్జీ

తా.క.: ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ కిటికీలోంచి, "అంతా రాశారు సరే, వాటికి మేత వేశారో లేదో అడిగారా?" అంది. నిజమే సార్, అడగలేదు. పెద్దది చిన్నదాన్ని తిననివ్వదు, విడివిడిగా పెట్టించండి. పక్కన ముక్కు మునిగేంత నీళ్లుండాలి, లేకపోతే మేత గొంతు దిగదు. వదిలిపెడతారో లేదో రేపటి సంగతి. ఇవాళ్టికి ఇది మాత్రం చేయించండి.