విసుర్రాయి ముందు పిడికెడు

1952 ఆగస్టు 11

ఇప్పుడే పల్లె నుంచి ఎమ్మిగనూరు చేరాను. మోకాళ్ళదాకా దుమ్ము. మబ్బు తునక లేదు. జొన్న చేలు వెన్ను తీయకుండానే ఎండిపోతున్నాయి.

గుడిలో కోత పండుగ దగ్గరికొస్తోందని ఇంటింటికీ వెళ్ళి, కానుకకు గింజలు పోగుచేసే దేవుని కుండలు చూశాను. ఒక్కటీ సగం లేదు. విసుర్రాయిలో పోయడానికే జొన్నల్లేవు, పోసేముందు దేవునికని పిడికెడు ఎక్కడి నుంచి తీస్తారు పాపం. మార్తమ్మ కుండ మాత్రం మూతిదాకా ఉంది. గుడ్డ కట్టి, పైన సున్నంతో సిలువ గీసింది. బాప్తిస్మం తీసుకుని ఏడాది కాలేదు, చంకలో పాలు తాగే పిల్ల, మొగుడు ఇంకా సంఘంలో చేరనే లేదు. అయినా నిండింది.

ప్రార్థనలో ఆ కుండ అందరి ముందూ ఎత్తి చూపించాను. చూసి నేర్చుకోండన్నాను. ఆడవాళ్ళు తల దించుకున్నారు. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి.

ఆగస్టు 17, ఆదివారం

ఆదోని. దారిలో జిన్నింగు మిల్లులు చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. ఈ ఏడు పత్తి వస్తుందో రాదో.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు స్త్రీల కూటంలో నన్ను మాట్లాడమన్నారు. విషయం — ఎప్పటికీ నిలిచే సంతోషం. చాలాసేపే మాట్లాడాను. మార్తమ్మ కుండ సంగతి చెబితే ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. బాగా చెప్పారమ్మా అన్నారు. నాకు మాత్రం ఎవరిదో సామాను నాదని చెప్పి బండెక్కించి వచ్చినట్టుంది.

మా ఆయన పోయాక సంఘం పల్లెల్లో వాక్యం చెప్పే ఈ పంతులమ్మ పని ఇచ్చింది. అది లేకపోతే ఏమైపోయేదాన్నో. బతకడానికి ఒక అర్థం దొరికిందని సాక్ష్యం చెప్పేదాన్ని, అబద్ధం కాదు. మరి ఈ మధ్య ఆ మాట చెబుతుంటే నోరు ఎందుకు ఎండుతోంది... వేసవి వల్ల అనుకుంటే వేసవి కూడా పోయింది.

ఆగస్టు 26

మార్తమ్మ మొగుడు హనుమంతు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, నా ముఖం చూడకుండా మాట్లాడాడు. ఇంట్లో ఉన్న జొన్నలు అందరికీ చాలవట. అయినా మార్తమ్మ విసిరే ముందు పిడికెడు తీసి కుండలో వేస్తుందట. తీసినంత తన వాటా రొట్టెలో తగ్గించుకుంటుందట. పాలు ఎండిపోయాయి. పిల్ల రొమ్ము పట్టి, ఏమీ రాక, ఏడ్చి ఏడ్చి పడుకుంటోంది.

“నేను సెప్తే ఇనదమ్మా. కొట్టబోయినా నవ్వుతాది. నువ్వు సెప్తే ఇంటాది. నువ్వు నేర్పిందే గదా.”

నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆగస్టు 27

పల్లెకు పోయి వచ్చాను. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఒళ్ళో తీసుకుంటే బరువే లేదు.

మార్తమ్మకు నెమ్మదిగా చెప్పాను. కుండ విప్పు, వండుకో, దేవుడు ఏమీ అనుకోడు. నవ్వి తల అడ్డంగా ఊపింది. కోపం వచ్చి గద్దించాను. అప్పుడు చెప్పింది. రాస్తున్నాను, మరిచిపోకూడదని.

“రెడ్డి ఇంటికాడ పనికి అడుక్కోవాల. గంజి కేంద్రంలో గంజికి అడుక్కోవాల. నీళ్ళు గూడా ఒగరు పోస్తేనే. పుట్టినకాడ్నుంచి సెయ్యి సాపుడే అక్కా. ఈ పిడికెడు తీసేటప్పుడు ఒగటే, నేను గూడా ఇచ్చేదాన్ని అనిపిస్తాది. ఆ సంతోషం ఆకలైనా పోలేదు. దాన్ని యాడ పెట్టి తినేది?”

ఆదోనిలో గంట మాట్లాడినది ఈమె నాలుగు మాటల్లో చెప్పింది. ఆ మాటలకు ఒళ్ళో పిల్ల ఎండిపోతోంది. ఇది దేవుని పనా, నా పనా? భయంగా ఉంది.

ఆగస్టు 28

రొట్టె చేసి, తినకుండా మూసిపెట్టాను.

ఆగస్టు 31, ఆదివారం

అయ్యగారిని ఒంటరిగా కలిసి అంతా చెప్పాను. కుండలు విప్పించి పల్లెలోనే వండిస్తానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పండుగకు గింజలు రాకపోయినా ఫరవాలేదన్నారు. ఆకలిగా ఉన్నవాళ్ళకు పెడితే దేవునికి పెట్టినట్టేనన్నారు.

“కానీ అమ్మా, ఇచ్చినామె చేత్తోనే తీయించండి. మీరు తీయకండి.”

చెప్పడం తేలికే. ఆయన పిల్లను ఎత్తుకుని చూడలేదు.

సెప్టెంబరు 3

ఆమె చేత్తో తీయదు సరే, నా జొన్నలు ఇస్తే ఏమంటుంది? ఇంట్లో ఉన్నవన్నీ మూటగట్టి మోసుకుపోయాను. కళ్ళకద్దుకుని తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాను. నేను చూస్తుండగానే విసుర్రాయి ముందు కూర్చుని, నా మూటలోంచి పిడికెడు తీసి కుండలో వేసింది.

గట్టిగా అరిచాను. నీకు బుద్ధుందా అన్నాను. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చూశారు. ఆమె బిత్తరపోయింది, నిజంగా అర్థం కాక.

“రాయిలో పోసేముందు తీయమని నువ్వే గదా సెప్పినావు.”

హనుమంతు గోడకానుకుని నవ్వాడు. చూడలేకపోయాను.

సెప్టెంబరు 5

చేసేశాను.

పొద్దున కబురు వచ్చింది, పిల్ల ఏడవడం కూడా మానేసిందని. పరుగెత్తాను. పిల్ల నోరు తెరిచి ఉంది, పెదాలు పగిలాయి. ఇంకా అడగడం ఏమిటి... ఎవరినీ అడగలేదు. నా మూట అప్పటికే అయిపోయింది. సిలువ గీసిన కుండ కిందికి దించాను. గుడ్డ విప్పాను. గింజలు విసిరింది నేనే, గంజి కాచింది నేనే. మార్తమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

పలచగా చేసి చిటికెనవేలితో పిల్ల నాలుకకు రాశాను. మొదట మింగలేదు. తరవాత వేలు చప్పరించింది. హనుమంతు అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు.

తల్లికీ గిన్నె ఇచ్చాను. తాగు, పాలు పడతాయి అన్నాను. తాగింది. పిల్ల కోసం తాగింది. గిన్నె కింద పెట్టి, నావైపు చూడకుండా అంది.

“నాదనేది ఒగటే ఉండె అక్కా. అది గూడా నువ్వే తీస్తివి.”

సెప్టెంబరు 10

పిల్ల గట్టిగా ఏడుస్తోంది. ఇంత అందమైన ఏడుపు నేను వినలేదు. మార్తమ్మ ఇంట్లో గంజి కాగిందని తెలిసి మిగతా ఆడవాళ్ళూ కుండలు విప్పుకున్నారు. విప్పి, నన్ను చూసి ఊరటగా నవ్వారు. ఇన్నాళ్ళూ నాకు జడిసి ఆగారన్నమాట. దేవుని పేరు చెప్పి నేనెంత బరువు పెట్టానో.

మార్తమ్మ నేను వస్తే లేచి పీట వేస్తుంది. నీళ్ళిస్తుంది. మాట్లాడదు. ప్రార్థనకు వచ్చి వెనక కూర్చుంటుంది. ఇదివరకు పాట ఎత్తేది ఆమే.

సెప్టెంబరు 14, ఆదివారం

అయ్యగారు మందలిస్తారనుకున్నాను. మందలిస్తే బాగుండు. పసిదాని ప్రాణం నిలిచింది, దేవునికి స్తోత్రం అన్నారు. ఆ వెంటనే, మరి తల్లి సంగతి, అన్నారు. నేను గుడిమెట్లు దిగి వచ్చేశాను.

మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అదే చేస్తాను. తప్పని ఒప్పుకోను. అయినా ఆమె ముఖంలో ఉన్నది ఒకటి పోయింది, అది తీసింది నేను. రెండూ నిజమే. రెంటినీ కలిపి ప్రార్థన చేయడం రావడం లేదు.

సెప్టెంబరు 22

పల్లె సగం ఖాళీ. సుగ్గికి పోతున్నారు, కూలి దొరికేచోటికి. హనుమంతు వాళ్ళు కాలువ తవ్వే పనికట. ఆదోని స్టేషనుకు వెళ్ళాను. నేలంతా మూటలు, చట్లు, పిల్లలు. మార్తమ్మ చంకలో పిల్ల. చెంపలు కాస్త నిండాయి.

నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఇన్నిరోజుల తరవాత తనంతట తానే మాట్లాడింది. ఆ పనికాడ గుడి లేదట, అయ్యగారు లేరు, పండుగ లేదు.

“మళ్ళీ పిడికెడు తీస్తా అక్కా, కడుపుకు తినే తీస్తా. ఆడ ఎవురికియ్యాల?”

ముందు నువ్వు తిను, పిల్లను చూసుకో, అన్నాను. అదే వచ్చింది నోటికి. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. ఆమె తలూపింది, పెద్దవాళ్ళు చెప్పింది వింటున్నట్టు. బండి వచ్చింది. తోపులాట. హనుమంతు కిటికీలోంచి మూట అందుకున్నాడు. ఆమె అటువైపు కూర్చుంది, కనబడలేదు.

సెప్టెంబరు 23

సాయంత్రం బజారులో జొన్నలు కొని తెచ్చాను. విసుర్రాయి ముందు కూర్చుని గింజల్లో చెయ్యి పెట్టాను. పిడికిలి దానంతట అదే మూసుకుంది. వేయడానికి చుట్టూ చూశాను.

నా ఇంట్లో దేవుని కుండ లేదు. ఎప్పుడూ లేదు. నా కానుకను, జీతం చేతికి రాకముందే, ఆదోనిలోనే పట్టుకుంటారు. అంతమంది ఆడవాళ్ళకు తీయడం నేర్పాను. నేను ఒక్కనాడూ నా తిండిలోంచి తీయలేదు. తీస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

రాయి తిప్పలేకపోయాను. ఆ పిడికెడు రాయిలో పోయలేదు, సంచిలోనూ వేయలేదు. ఈ కాగితం పక్కన, బల్లమీద పోశాను. ఎవరికియ్యాలి?