అక్క కొన్న ఇత్తడి మైక్రోస్కోపు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గుంటూరు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో నువ్వు పెట్టిన రక్తపరీక్షల ల్యాబును, నీ దగ్గర పని నేర్చుకున్న ఇక్కడి పిల్లను, నేనే నడుపుతున్నాను. పాత సామాన్ల కొట్లో నువ్వు ముచ్చటపడి కొన్న ఇత్తడి మైక్రోస్కోపు గుర్తుందా? "మలేరియా క్రిమిని మొదట చూసిన డాక్టర్లకి కరెంటు ఎక్కడిదే? ఇలాంటిదాంట్లోనే, పగటి వెలుగులో చూశారు," అనేదానివి. నేను నవ్వేదాన్ని.

పోయిన వారం ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సమ్మెలో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఎల్‌బీ నగర్ దగ్గర రోడ్డు మీద బైఠాయించిన ఆడవాళ్లే ఒక గర్భిణిని, ఆమె భర్తను వెంటబెట్టుకొచ్చారు. ఆమెకు మూడు రోజులుగా చలిజ్వరం. రక్తం చూడందే మందు ఇవ్వనని డాక్టరు అన్నాడట.

"కరెంటు వచ్చేదాకా ఆగాలా అండీ?" అన్నాడు భర్త, అచ్చం మీ గుంటూరు యాసలో.

"జర జల్ది చూడు బిడ్డా, పిల్ల వణుకుతున్నది," అంది జెండా పట్టుకున్న పెద్దామె.

ఆమె రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి, రంగు పట్టించి, నీ మైక్రోస్కోపును మేడ మీదికి మోసుకెళ్లాను. కింది అద్దాన్ని తెల్లటి మబ్బు వైపు తిప్పాను. వెలుగు సరిగ్గా కుదరకపోతే నువ్వు పక్కన నిలబడి తిడుతున్నట్టే అనిపించింది. చాలాసేపు వెతికాక ఎర్రకణాల్లో చిన్న ఉంగరాల్లా మలేరియా క్రిములు కనిపించాయి. సాయంత్రానికల్లా ఆమెకు మందు పడింది.

నిన్న ఇద్దరూ వచ్చారు. జ్వరం తగ్గింది, కడుపులో బిడ్డ బాగుందట.

"ఈ పని మీకెవరు నేర్పారండీ?" అని ఆమె అడిగింది. నీ పేరు చెప్పాను.

"మేలు మర్చిపోమని ఆవిడకీ చెప్పండి."

"చెప్తనమ్మా," అన్నాను.

చెప్పాను, అక్కా.