బాపు కుట్ల మీద బెల్టు

ఆగస్టు 12, మంగళవారం

కాలేజీ నుంచి రాగానే బాపు చొక్కా ఎత్తి చూసి ఉలిక్కిపడ్డాను. హెర్నియా ఆపరేషనై ఆరు రోజులే అయింది. కుట్లమీది కట్టుపైన, గనిలో లైటు బ్యాటరీ తగిలించుకునే పాత తోలు బెల్టు బిగించి ఉంది. ఏళ్ల చెమట, బొగ్గు దుమ్ము పట్టిన బెల్టు.

"ఇదేంది బాపూ?"

"ముప్పై ఏండ్ల అలవాటు బిడ్డా. అది లేకుంటే నడుము ఊడిపోయినట్టే ఉంటది."

"కుట్ల మీద గిట్ల కట్టుకుంటవా? చీము పడ్తది."

"నర్సింగ్ రెండో ఏడే గదా. అప్పుడే డాక్టరమ్మవైనవా?" అని నవ్వాడు.

బెల్టు తీసి పక్కన పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని కట్టు విప్పాను. డాక్టరుకు చెప్పడానికి నోట్‌బుక్‌లో 'ఎర్రగా ఉంది' అని రాశాను. చాలదనిపించి కొట్టేశాను. 'చివరి రెండు కుట్ల చుట్టూ కమిలిన ఎరుపు, వేడి, ముట్టుకుంటే నొప్పి.' సరైన మాటలు దొరికాక భయం ఇంకా పెరిగింది.

జ్వరం లేదు. వార్డు సిస్టరుకు ఫోన్ చేస్తే, కొత్త కట్టు వేసి పొద్దున్నే తీసుకురమ్మంది. కట్టు వేశాను. జల్ది డ్యూటీ ఎక్కాలని బాపు ఆరాటం. డాక్టరు అడిగితే మంచిగనే ఉందంటాడు. రేపు ఏడింటికల్లా దవాఖానలో ఉండాలి. డాక్టరుతో ముందు నేనే మాట్లాడాలి.