మాడిన ఉప్పుడుపిండి

సామర్లకోట, శనివారం.

అత్తయ్యగారికి నమస్కారాలు. మీకు ఫోన్లో సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. సాయిప్రసన్నకి రక్తం తక్కువగా ఉందని డాక్టరుగారు అన్నందుకు బెంగపడకండి. ఆకుకూర కనబడితే ఏరి పారేసే మీ మనవరాలు గురువారం లంచ్‌బాక్సు నాకినంత శుభ్రంగా తెచ్చింది. ఆ రోజు మీలాగే మునగాకు వేసి ఉప్పుడుపిండి వండబోయి అడుగంటించాను. ఇంతలో స్కూలు ఆటో వచ్చేసింది. చేసేది లేక ఆ మాడుచెక్కలే గీకి పెట్టాను. పిల్లలందరూ పోటీపడి కరకరా నమిలేశారట! "అమ్మా, రేపు కూడా మాడుస్తావా?" అని అడిగింది.

పెనుగొండ నుంచి ఎవరైనా వస్తుంటే మీ ఇత్తడి గిన్నె, కాస్త బియ్యపు రవ్వ పంపండి. మామయ్యగారి దగ్గు తగ్గిందా? వారికి నా నమస్కారాలు.

నిన్న పొయ్యి దగ్గరే నిలబడి ఎంత జాగ్రత్తగా చూసుకున్నా మాడలేదండి. ఎలా మాడ్చాలో వెంటనే రాయండి.

మీ కోడలు
ఇంద్రజ