బొట్టు పెట్టిన ర్యామ్

శుక్రవారం, పినపాక

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. మన్నించాలి.

కోడలు సుజాత తన టైపింగ్ కంప్యూటర్‌లో కొత్త ర్యామ్, అదే మెమరీ బిళ్ళ, వేసింది. పాత నాలుగుతో కలిపి ఎనిమిది జీబీ చూపాల్సింది నాలుగే చూపింది.

"షాపాయన పాడైంది అంటగట్టిండు మామా. రేపు మణుగూరు పోయి గట్టిగ అడుగుత," అన్నది.

గుబులు పుట్టింది. పొద్దున కొత్త వస్తువని దానికి పసుపు రాసి, బొట్టు పెట్టింది నేనే. ఆమె వంటలో ఉండగా కరెంటు తీసి, దాన్ని బయటికి లాగాను. దాని అంచున ఉన్న బంగారు రంగు పళ్ళ మీద పసుపు ఎండి ఉంది. రబ్బరుతో తుడిచి మళ్ళీ పెడితే ఎనిమిది చూపింది. చిటికెడు పసుపుకు సగం మెమరీ ఎట్లా ఆగిందో.

ఎదురుగా చెప్పలేను. డైరీ కీబోర్డు మీద పెడుతున్నా. సుజాతమ్మా, షాపుకు పోకముందే చదివి, కింద జల్దీ జవాబు రాయి. ఇకమీద బొట్టు ఎక్కడ పెట్టాలి?